గోడకు చెక్క కోసం హైదరాబాద్: ముషీరాబాద్ డిపోల నుంచి నాగోల్ ఫ్లాట్ దాకా

ఇంటి గోడలకు చెక్క పలకలు వేయించాలని బయటి ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లకు ముందుగా ఒక మాట. మాదాపూర్, జూబ్లీహిల్స్ వైపు గది తీసుకోకండి, సికింద్రాబాద్‌లో దిగండి. గోడ ప్యానళ్లు చూపించే పెద్ద షోరూములు అటువైపు ఎక్కువే గానీ మీకు అసలు పని పడేది టింబర్ డిపోలతో. అవి ముషీరాబాద్‌లో, గోషామహల్‌లో ఉన్నాయి. మేం రెండు వైపులా ఉండి చూశాం కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాగోల్‌లో ఇన్నాళ్లూ అద్దెకిచ్చిన మా ఫ్లాట్‌లోకి మేమే మారాలనుకున్నాం. హాల్లో ఒక గోడకూ, అత్తమ్మ గదిలో మంచం వెనక గోడకూ కింది నుంచి పైదాకా నిలువు పలకలు వేయించాలని నా కోరిక. హనుమకొండ నుంచి బస్సులో ఉప్పల్‌లో దిగితే అక్కడే మెట్రో దొరుకుతుంది. పెద్ద బస్టాండు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సిన పని లేదు.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మేం తీసుకున్న లాడ్జి గది చిన్నది. వేడినీళ్లు పొద్దున పూటే వస్తాయి, రాత్రంతా రోడ్డు చప్పుడు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కు మారితే మూడో స్టేషనే ముషీరాబాద్. ఆ పక్క స్టేషన్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్, మధ్యాహ్నం బిర్యానీకి దిగులు లేదు.

తర్వాత షోరూములు చూడటానికి మాదాపూర్‌లో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కు మారాం. గది పెద్దది, పరుపు మెత్తన, పనివాళ్లు మర్యాదస్తులు. మంచం వెనక గోడ నిండా గీతలు గీతలుగా చెక్క రంగు ప్యానళ్లు. ఫోటోలో చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఏసీ నీళ్లు కారిన చోట పలక అంచు ఉబ్బి, పై పొర పొక్కులు లేచింది. ప్యానల్ మందాన్ని లెక్కలోకి తీసుకోకుండా స్విచ్ బోర్డును పాత చోటే వదిలేశారు. అది గుంతలోకి పోయింది, ఫోన్ చార్జర్ లోపలికి దూరదు. ఒక్క గోడ మీద రెండు లోపాలు. మా ఇంట్లో ఇవి రెండూ రాకూడదని ఆ రాత్రే కాగితం మీద రాసుకున్నాను.

షోరూములకు వెళ్లొద్దని నేననను. చేతిలో జానెడు ముక్క పట్టుకుంటే గోడ మొత్తం ఎలా ఉంటుందో తెలియదు, అక్కడ నిలువెత్తున బిగించి చూపిస్తారు. సన్న పలక వేస్తే గది ఎత్తుగా కనిపిస్తుందనీ, ముదురు రంగు చిన్న గదిని మరీ ఇరుకు చేస్తుందనీ నాకు అక్కడే కంటికి తెలిసింది. కానీ అక్కడి లైట్లు పసుపు రంగులో ఉంటాయి, వాటి కింద ఏ చెక్క అయినా బంగారంలా మెరుస్తుంది. ముక్క అడిగి తీసుకుని బయట ఎండలో చూడండి, ఇంటికి తెచ్చి మీ గోడకు ఆనించి సాయంత్రం మీ లైటు కింద మళ్లీ చూడండి. ఇంకొకటి, అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది ప్లాస్టిక్, చెక్కపొడి కలిపి చేసిన డబ్ల్యూపీసీ పలకలు, చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ మీద పొర అంటించినవి. తప్పు లేదు, కానీ ఏది ఏదో విడమరచి చెప్పించుకోవాలి. అడ్డంగా కోసిన అంచు చూపించమనండి. ముఖం ఎంత అందంగా ఉన్నా లోపలున్నది ఏమిటో అంచు చెప్పేస్తుంది. ప్లైవుడ్ మీద వెనీర్, అంటే సన్నటి అసలు చెక్క పొర అంటించినదైతే, ఆ ప్లైవుడ్‌కు ఐఎస్ 303 అనే ప్రమాణాల ముద్ర ఉందా, తడి తగిలే చోటికైతే ఐఎస్ 710 ఉందా చూడండి. బాత్రూమ్‌కు ఆనుకున్న గోడకు నా ఓటు డబ్ల్యూపీసీకే, అక్కడ టేకు పెట్టడం డబ్బు వృథా.

ఇక ముషీరాబాద్. గేటు దాటగానే రంపపు పొట్టు వాసన, నిలువుగా ఆనించిన కర్రలు, లోపల ఎక్కడో కటింగ్ మెషీన్ చప్పుడు. ఇక్కడ లెక్కంతా ఘనపుటడుగుల్లో. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని, మూడూ గుణించి 144తో భాగించాలి. ఎనిమిదడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక ఘనపుటడుగులో మూడో వంతు. ఈ ఒక్క లెక్క నోటికి వస్తే బేరంలో మీ మాటకు విలువ ఉంటుంది. అంగుళం అని కొన్నది చిత్రిక పట్టాక ముప్పావు అంగుళానికి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. డబ్బు మాత్రం అంగుళానికే.

టేకులో బల్హార్షా, నాగ్‌పూర్, ఆఫ్రికా, బర్మా అని పేర్లు చెప్తారు, ఒక్కోదానికి ఒక్కో ధర. నేను పేరు కంటే చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క, చూడమంటాను. ముదురు గోధుమ రంగు చేవకు సహజంగానే నూనె గుణం ఉంటుంది, చెద సులభంగా పట్టదు. అంచుల్లోని తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. లేత తోటల కర్రలో ఆ తెల్లచెక్కే ఎక్కువ. దానికి రంగు పూసి చేవలా చూపించే వీలుంది కాబట్టి పాలిష్ పెట్టని పలకే అడగండి.

అంతకంటే ముఖ్యం తేమ. మా ఆయన రెండు సూదులుండే చిన్న తేమ మీటరు వెంట తెచ్చారు. ఒకచోట చూడటానికి చక్కగా ఉన్న దొంతరలో గుచ్చితే 20 శాతం దగ్గర ఆగింది. ఆ యజమాని నొచ్చుకున్నాడు, అయినా మేం ముందుకు నడిచాం. ఇంటి లోపలి గోడకు 12 శాతం లోపు ఉన్న కర్ర కావాలి. చెక్క పొడవునా పెద్దగా మారదు, వెడల్పులోనే కుంచించుకుంటుంది, ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోయే హైదరాబాద్ గాలి జూలై వచ్చేసరికి తడి పట్టి ఉంటుంది. పచ్చి కర్ర కొడితే మొదటి వేసవికే పలకల మధ్య సందులు పడతాయి. అందుకే కిల్న్‌లో, అంటే వేడిగాలి బట్టీలో, ఎండబెట్టి ఇచ్చే డిపో దొరికేదాకా తిరిగాం. అది ఏ జాతి కర్ర అనే దానికంటే ఎంత ఎండింది అనేదే గోడ వయసును నిర్ణయిస్తుందని నా గట్టి నమ్మకం.

చివరికి హాలు గోడకు టేకు, అత్తమ్మ గదికి పైన్ తీసుకున్నాం. పైన్ టేకు కంటే చాలా చవక, తేలిక, లేత రంగు. కాలం గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరుగుతుంది, కొమ్మ మొలిచిన చోట ఉండే గుండ్రటి కన్నుల దగ్గర జిగురు ఊరుతుంది. పాలిష్‌కు ముందు ఆ కన్నుల మీద లక్క పూత వేయించాలి. ఊళ్లో ప్యాకింగ్ పెట్టెలు విప్పిన పైన్ కూడా దొరుకుతుంది. దాని మీది ముద్ర చదవకుండా ఇంట్లోకి తేకండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. పడకగదిలో రెండోది నాకు వద్దు.

గోషామహల్ మరో తీరు. గాంధీ భవన్ మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లాం. సందులు ఇరుకు, లారీ అడ్డం తిరిగితే అంతా ఆగిపోవాల్సిందే. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన దూలాలు, తలుపు చట్రాలు ఇక్కడ కనిపించాయి. దశాబ్దాల పాటు ఎండిన టేకు, కోస్తే ఇప్పటికీ నూనె వాసన వస్తుంది. నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. కానీ లోపల విరిగిన మేకులుంటాయి, అవి తగిలితే సామిల్లు బ్లేడు పోతుంది. మేకులు తీయించి, కోయించి, గాడి కొట్టించేసరికి ఖర్చు కొత్త కర్ర దగ్గరికి వస్తుంది. వెంట తెలిసిన మేస్త్రి ఉంటేనే గోషామహల్ వెళ్లండి.

అటు వెళ్లినవాళ్లు మూసీ దాటి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం చూడకుండా రావద్దు. శుక్రవారం సెలవు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల గది అక్కడుంది. పొడవాటి హాలుకు రెండు వైపులా, రెండు అంతస్తుల్లో చెక్క అల్మరాలు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్ట్. ఆయన 1911లో పోయారు, తలుపులు ఇంకా వరసగా నిలబడే ఉన్నాయి. నేను బట్టల సంగతి మర్చిపోయి తలుపుల కీళ్లూ అంచులే చూస్తూ నడిచాను.

మేకులు, స్క్రూలు, అవి పట్టడానికి గోడలో దించే ప్లగ్గులకు సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ చాలు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. సామాను నాగోల్‌కు ట్రాలీ ఆటోలో పంపించాం. డిపో వాళ్లు చెప్పిన వేళకే వచ్చింది, పలకలు తడవకుండా టార్పాలిన్ కప్పారు, ఈ సేవకు పూర్తి మార్కులు. పదడుగుల పలకలు అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టవు. మెట్ల మలుపుల్లో తిరుగుతాయో లేదో ముందే కొలుచుకుని, మోసే కూలి మాట్లాడుకోవాలి. గోడకు డ్రిల్లింగ్ ఏ వేళల్లో చేయనిస్తారో అసోసియేషన్‌ను అడిగి పెట్టుకోవాలి.

ఒక కంపెనీ మనిషి వచ్చి రెండు రోజుల్లో రెండు గోడలూ అయిపోతాయన్నాడు. గోడను చేత్తో కూడా ముట్టుకోలేదు. కొటేషన్ వాట్సాప్‌లో పంపాడు, దాంట్లో పలకల రేటు తప్ప రీపర్లు (పలకలు కొట్టడానికి ముందుగా గోడకు బిగించే బద్దలు), పాలిష్, స్విచ్ బోర్డు పని ఏవీ లేవు. వద్దనుకున్నాం. డిపోలో పరిచయమైన నల్లగొండ వైపు మేస్త్రి మాత్రం రాగానే గోడకు అరచెయ్యి ఆనించాడు. అత్తమ్మ గది గోడకు పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి వెళ్లాడు. మర్నాడు షీటు లోపలి వైపు సన్నటి నీటి చుక్కలు.

"చూడక్కా, గోడ ఇంకా పచ్చిగనే ఉన్నది. ఇప్పుడు కొడితే వెనక బూజు పడతది. తడి ఏడికెళ్లి వస్తుందో ముందు అది చూపించుకోండ్రి."

"ఎన్ని రోజులు ఆగాలన్నా?"

"గోడ ఆరినంక నేనే వస్త. అప్పటిదాక పలకలు ఈ గదిలనే పండబెట్టుండ్రి, నిలబెట్టొద్దు."

ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. తడి పక్కనున్న బాత్రూమ్ పైపు కీలు నుంచి వస్తోంది. ప్లంబర్‌తో అది బాగు చేయించి, గోడ ఆరేదాకా ఆగాం. ఆ వ్యవధిలో పలకలు మధ్య మధ్య సన్న బద్దలు పెట్టి, గాలి ఆడేలా గదిలోనే పేర్చి ఉంచాం. కర్రకు ఇంటి గాలి అలవాటు కావాలి. కనీసం వారం ఇవ్వండి.

పని మొదలైన రోజు హాల్లో ముందు లెక్క. గోడ 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. పలక వెడల్పు నాలుగంగుళాలు, 36 చాలుతాయని అనిపిస్తుంది. కానీ టంగ్ అండ్ గ్రూవ్ పలకలో ఒకదాని నాలుక ఇంకోదాని గాడిలోకి పోతుంది, బయటికి కనిపించేది మూడున్నర అంగుళాలే. అందుకని 42 కావాలి, తరుగుకు పదో వంతు అదనం. మేస్త్రి అంతటితో ఆగలేదు. అలాగే కొట్టుకుంటూ పోతే చివర అర అంగుళం చీలిక మిగులుతుందని చూసి, మొదటి పలకనూ చివరి పలకనూ సమానంగా వెడల్పు తగ్గించాడు. రెండు మూలలూ ఒకేలా వచ్చాయి.

పలకలు నిలువు కాబట్టి రీపర్లు అడ్డంగా, రెండడుగులకు మించని దూరంలో. ముందే వాటికి చెదల మందు పట్టించాడు. గోడ ఎక్కడ లోపలికి పోతే అక్కడ వెనక చిన్న చెక్కముక్కలు దోపి, రసమట్టం పెట్టి సరిచేశాడు. ఎక్కువ సేపు పట్టింది దీనికే. ప్రతి పలకకూ వెనక వైపు కూడా ఒక పూత వేయించాం. ముందు మాత్రమే పాలిష్ పెడితే రెండు ముఖాలూ తేమను వేర్వేరుగా పీల్చి పలక వంగుతుంది. మేకు నాలుక దగ్గర ఏటవాలుగా దిగుతుంది, పక్క పలక దాన్ని కప్పేస్తుంది, గోడ మీద ఎక్కడా తల కనిపించదు. పలకకూ పలకకూ మధ్య రూపాయి బిళ్ల మందం సందు, పైన కిందా పావు అంగుళం ఖాళీ వదిలాడు. నేల తుడిచే నీళ్లు పలకను తాకకుండా కింద స్కర్టింగ్ వచ్చింది. స్విచ్ బాక్సులను ఎలక్ట్రీషియన్ పలక మందం మేర ముందుకు జరిపాడు, చార్జర్ చక్కగా కూర్చుంటుంది.

దేవుడి మూల ఉన్న గోడను మాత్రం వదిలేశాం. రోజూ దీపం వెలిగే చోట చెక్క మసి పడుతుంది, నిప్పు భయం సరేసరి. గ్యాస్ పొయ్యి వెనకా అంతే.

పాలిష్‌కు టేకు మీద మెరుపు తక్కువుండే పీయూ (పాలీయూరథేన్) పూత, పైన్ మీద అదే కంపెనీ రంగు లేనిది వేయించాం. వాసన పోయేదాకా అత్తమ్మను ఆ గదిలో పడుకోనివ్వలేదు, కిటికీలు తెరిచి ఫ్యాన్ తిప్పుతూ ఉంచాం. కూలి చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటే పని తొందరగా సాగుతుంది, రోజుకూలి అయితే నిదానంగా, శుభ్రంగా సాగుతుంది. మేం రీపర్లకు రోజుకూలి, పలకలకు అడుగు లెక్క ఇచ్చాం. మేస్త్రికీ అదే నచ్చింది.

మిగిలిన పలకల్లో రెండు టేకువి, రెండు పైన్‌వి అటక మీద పడుకోబెట్టి ఉంచాం. రేపు ఏదైనా దెబ్బ తింటే అదే లాటులోని కర్ర మళ్లీ డిపోలో దొరకదు, రంగు కలవదు. పొట్టి ముక్కలను మేస్త్రి తన పనులకు అడిగి తీసుకెళ్లాడు.