మురుగు శుద్ధి కేంద్రం చూసొచ్చా: 5కి 4

కృష్ణలంకలో పుట్టి పెరిగినదాన్ని, కృష్ణ నీళ్లంటే నాకు ప్రాణం. మొన్న మా అబ్బాయిని వెంటబెట్టుకుని బెజవాడలోనే ఓ మురుగు శుద్ధి కేంద్రం చూసొచ్చా.

లోపలికి అడుగుపెట్టగానే కంపు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నా. ఇనుప జాలీకి షాంపూ ప్యాకెట్లు, గుడ్డపేలికలు, ఓ చంటిపిల్ల చెప్పు. తర్వాత ఇసుక అడుక్కి దిగే తొట్టి. అసలు పనంతా గాలి తొట్టిలోనే. కింది నుంచి బుడగలు పొంగుతుంటే, ఆ గాలితో బతికే సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. అక్కడ కంపు లేదు, తడిమట్టి వాసన! ఇదే పని నదిలో జరిగితే నీళ్లలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చిపోతాయి.

ఆపరేటర్ రెండు గాజు గ్లాసులు పట్టి చూపించాడు. ఒకదాన్లో బూడిదరంగు కుడితి. రెండోదాన్లోంచి అతని వేళ్లు కనిపించాయి. "తాగడానిక్కాదమ్మా, మొక్కలకి పోయొచ్చు" అన్నాడు. ఓపిగ్గా చెప్పాడు, చాలా సంతోషమేసింది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, మా వీధి మురుగు అసలు అక్కడిదాకా వెళ్లదు. కనెక్షన్ కోసం అర్జీ పెట్టి రెండేళ్లయింది. ఇప్పటికీ నేరుగా బందరు కాలువలోకే. దిగువన మచిలీపట్నం జనం తాగేది ఆ కాలువ నీళ్లే.