బెట్టింగ్: బంద్ పెట్టుడా, లైసెన్సిచ్చుడా? మన నల్లగొండ, పాలమూరుకు ఏది మేలు?

ఐపీఎల్ మొదలైందంటే మిర్యాలగూడ హోటళ్లలోనైనా జడ్చర్ల బస్టాండులోనైనా ఒక మాట వినబడుతుంది: "ఎట్లయినా ఆడేటోళ్లు ఆడుతనే ఉన్నరు. సర్కారే లైసెన్సిచ్చి పన్ను గుంజుకుంటే రోడ్లకన్నా పనికొస్తది కదా?" అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కాబట్టి ఈ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి.

రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. అందుకే ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. సిక్కిం 2008లోనే ఆన్‌లైన్ ఆటలకు లైసెన్సు చట్టం చేసింది. గోవాలో కాసినోలున్నాయి. మన దగ్గర 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, నిషేధించారు. డ్రీమ్ ఎలెవన్ లాంటివి దేశమంతా నడిచిన రోజుల్లోనూ తెలంగాణలో పైసలు కట్టి ఆడే వీలు ఇవ్వలేదు.

ముందుగా పన్ను సంగతి. రెండు జట్లూ సమానమనుకుందాం. కంపెనీ రెండు వైపులా రూపాయికి 90 పైసల లాభం ఇస్తానంటుంది. ఇటు ఒకరు వెయ్యి, అటు ఒకరు వెయ్యి పెడతారు. గెలిచినవాడికి 1,900 పోతుంది, మిగిలిన వంద కంపెనీది. ఏ జట్టు గెలిచినా అంతే. ఫోన్‌లో కాసే పందేల మీద అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం కంపెనీ ఆదాయంలో 51 శాతం తీసుకుంటుంది, అక్కడిదే నెవాడా రాష్ట్రం 6.75 శాతంతో సరిపెట్టుకుంటుంది. శాతం ఎంతైనా, ఖజానాకు చేరేది ఓడినవాళ్ల జేబులోంచి వచ్చిందే. ఇక బంతి బంతికీ పందెం ఉన్నచోట అదే వెయ్యి ఒక రాత్రిలో పదిసార్లు తిరగొచ్చు. తిరిగిన ప్రతిసారీ సగటున యాభై రూపాయలు తరుగుతుంది. పత్తి అమ్మిన పైసల నుంచి ఇట్లా తరిగినదానితో వేసే రోడ్డు నాకొద్దు.

పన్నును పక్కనపెట్టినా, లైసెన్సు పద్ధతిలో నిజంగా బలమైన సంగతి ఒకటుంది. బ్రిటన్‌లో 2005 చట్టం కింద జూదం మీద ప్రత్యేక కమిషన్ ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ క్రెడిట్ కార్డుతో పందెం కాయడానికి లేదు. "నన్ను ఆడనియ్యకండి" అని ఆటగాడు గామ్‌స్టాప్ అనే వ్యవస్థలో ఒక్కసారి పేరు రాయించుకుంటే, లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ అతణ్ని బయటే ఉంచాలి. ఆర్నెల్లకైనా, ఏడాదికైనా, అయిదేళ్లకైనా.

మన దగ్గరి దొంగ బెట్టింగ్‌లో దీనికి పూర్తిగా ఉల్టా. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఏజెంటు ఒక ఐడీ ఇస్తాడు. నమ్మకం కుదిరితే ఉద్దెర కూడా ఇస్తాడు. ఇల్లు ముంచేది ఈ ఉద్దెరే. చేతిలో ఉన్నది ఓడితే ఆ నెల కష్టం, లేనిది ఓడితే మిత్తికి మిత్తి, చివరికి అమ్మ మెడలో పుస్తెలతాడు, తర్వాత పొలం. బ్రిటన్ కుర్రాడు "నన్ను ఆపండి" అనడానికి ఒక కిటికీ ఉంది. దేవరకొండ కుర్రాడికి అదెక్కడుంది? నిషేధాన్ని సమర్థించేవాళ్లం ఈ ప్రశ్న దాటేసి మాట్లాడకూడదు.

అయినా ఆ పద్ధతిని ఇక్కడికి తెస్తే నిలబడదని నా నమ్మకం. ఆటగాణ్ని స్తోమతకు మించి పెట్టకుండా ఆపాలంటే, ముందు ఆ స్తోమత ఎంతో తెలియాలి. జీతం స్లిప్పు ఉన్నచోట అది కుదురుతుంది. నారాయణపేట నుంచి మేస్త్రీ వెంట ముంబైకి పోయిన కూలీకి స్లిప్పెక్కడిది? వానాకాలం, యాసంగి పంటలకే పైసలు చూసే రైతు నెలసరి ఆదాయం ఎంతని రాస్తారు? ధాన్యం డబ్బు ఖాతాలో పడిన వారం అతను కాగితం మీద షావుకారు. పెట్టుబడి అప్పు కట్టగానే మళ్లీ మామూలే. ఏ యాప్‌కైనా కనబడేది ఆ మొదటి వారమే.

పైగా లైసెన్సు వచ్చిందంటే ప్రచారానికీ హక్కొస్తుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ జట్ల చొక్కాల మీద బెట్టింగ్ కంపెనీల పేర్లు ఏళ్ల తరబడి కనిపించాయి. ముందువైపు నుంచి వాటిని తీసేద్దామని క్లబ్బులే 2023లో ఒప్పుకోవాల్సి వచ్చింది. లైసెన్సిస్తే దొంగ దందా పోతుందనేవాళ్లు మన ఊళ్లలో వైన్ షాపులనూ బెల్టు షాపులనూ చూడాలి. లైసెన్సున్నది వచ్చాక లేనిది పోలేదు, రెండూ నడుస్తున్నాయి.

మధ్యేమార్గం ఒకటుంది, హైదరాబాద్‌లో నల్లగొండ చౌరస్తాకు దగ్గర్లోనే: మలక్‌పేట రేస్‌కోర్సు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది కాబట్టి అక్కడ పందెం చట్టబద్ధమే. రేస్‌కోర్సుకు గేటుంది, పందేలకు దినాలున్నాయి. ఫోన్‌కు ఆ రెండూ లేవు. దీన్ని క్రికెట్‌కు నమూనాగా చూపేవాళ్లు ఆ తేడా మర్చిపోతున్నారు.

కాబట్టి నా ఓటు నిషేధానికే, కానీ ఏ నిషేధమన్నది ముఖ్యం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, ఒక్కటిగానే చూసింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షల దాకా. పైసల చెల్లింపుకు తోడ్పడినా శిక్షే. ఆడినవాడికి మాత్రం శిక్ష పెట్టలేదు. మన 1974 చట్టంలో ఆడినవాడూ నేరస్తుడే. గద్వాలలో ఒక తండ్రికి కొడుకు సంగతి తెలిసిందనుకోండి, పోలీసు దగ్గరికి పోవాలంటే ముందు భయపడేది కొడుకు మీద కేసవుతుందనే. ఆ భయం ఉన్నన్నాళ్లూ ఏజెంటు నిశ్చింతగా ఉంటాడు. సాక్ష్యం చెప్పగలిగినవాడి నోరు చట్టమే కుట్టేసింది మరి. రాష్ట్ర చట్టంలోనూ ఆడినవాణ్ని వదిలి ఆడించేవాణ్ని పట్టాలి. పేరు రాయించుకుంటే బ్యాంకులు, యూపీఐ యాప్‌లే అట్లాంటి చెల్లింపులు ఆపే ఏర్పాటు కూడా రావాలి. బ్రిటన్ నుంచి తెచ్చుకోవాల్సింది అదొక్కటే.

ఇప్పటికే చిక్కుకున్న ఇళ్లకు ఒక సంగతి. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన పందెం పైసల కోసం కోర్టుకు పోయినా ఇప్పించరు. కాబట్టి ఏజెంటు బెదిరిస్తే పందెం బాకీకి చేబదులని రాసి ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకండి, పాస్‌బుక్కు చేతికియ్యకండి. యాప్ మోసం చేసి డబ్బు లాగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. పిల్లవాడు అన్నం మానేసి, నిద్ర మానేసి కూర్చుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416కు చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.