ఫిల్లర్ కరిగించుకునేవాళ్ళు జాగ్రత్త: ‘స్కానింగ్ చూస్తూ చేస్తాం’ అన్నా, స్క్రీన్ మీద సూది కనిపిస్తోందో లేదో చూడండి

ముఖానికి వేయించుకున్న ఫిల్లర్‌ను (గుంటలు నింపడానికి సూదితో చర్మం కింద ఎక్కించే జెల్) కరిగించుకోవాలని ఎవరైనా అనుకుంటుంటే, డబ్బు కట్టేముందు ఇది చదవండి. ‘అల్ట్రాసౌండ్ గైడెడ్’ అన్న ప్రకటన చూసి హైదరాబాద్‌లో ఒక స్కిన్ క్లినిక్‌కు వెళ్ళాను. మూడు సిట్టింగులకు 54,000 రూపాయలు అయ్యాయి. మామూలుగా చేస్తే సిట్టింగుకు 12,000 అట, స్కానింగ్ ఉంది కాబట్టి 18,000 అన్నారు. ఆ మూడుసార్లూ సూది గుడ్డిగానే గుచ్చారు.

2022లో మా చెల్లి పెళ్ళికి ముందు కళ్ళ కింద గుంటలకు ఫిల్లర్ వేయించుకున్నాను. ఏడాదిలో దానంతట అదే పోతుందన్నారు. పోలేదు. పైగా పొద్దున లేచేసరికి కళ్ళ కింద సంచుల్లా ఉబ్బి ఉండేది. ఎడమ చెంప మీద చేతికి తగిలేంత గడ్డ ఒకటి. ఊరెళ్ళినప్పుడల్లా అమ్మ ‘ముఖం ఉబ్బింది, థైరాయిడ్ చూపించుకోవే’ అనేది. టెస్టు చేయిస్తే థైరాయిడ్ నార్మల్. ఏడాదిలో పోతుందన్న మాట అందరికీ వర్తించదని నాకు తర్వాత తెలిసింది. వేయించుకున్న ఎన్నో ఏళ్ళకు కూడా ఫిల్లర్ అలాగే ఉన్నట్టు ఎంఆర్ఐలో కనిపించిన కేసులు ఉన్నాయి.

కరిగించడానికి వాడేది హయలురోనిడేస్ అనే ఎంజైమ్. కంటి ఆపరేషన్లలో మత్తుమందు లోపల బాగా పాకడానికి ఇదే మందు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు. కానీ ఇది హయలురోనిక్ యాసిడ్‌తో తయారైన ఫిల్లర్‌నే కరిగిస్తుంది, అదీ మందు దాని దాకా చేరితేనే. ఫిల్లర్ ఎముకను ఆనుకుని లోతుగా ఉండి, మందు పై పొరలో పడితే ఫలితం అంతంత మాత్రమే. స్కానింగ్ అవసరం ఇక్కడే. హయలురోనిక్ ఫిల్లర్ స్క్రీన్ మీద నల్లటి మడుగులా కనిపిస్తుంది. డాక్టర్ ఒక చేత్తో ప్రోబ్ (చర్మానికి ఆనించి చూసే స్కానింగ్ పరికరం) పట్టుకుని, సూది మొన ఆ మడుగులోకి దిగడం చూస్తూ మందు వదలాలి. డాప్లర్ (రక్తం ప్రవహించడాన్ని చూపించే స్కానింగ్ పద్ధతి) పెడితే రక్తనాళాలు రంగుల్లో కనిపిస్తాయి, వాటిని తప్పించుకుని వెళ్ళొచ్చు. సరిగ్గా అక్కడే పడుతుంది కాబట్టి తక్కువ మందు సరిపోతుంది. గైడెడ్ అంటే ఇదీ.

నాకు జరిగింది వేరు. మొదటి సిట్టింగులో ఒక అమ్మాయి వచ్చి చెంపకు జెల్ రాసి, ఒక నిమిషం కూడా ప్రోబ్ ఆనించలేదు. ఫోటో తీసుకుని, జెల్ తుడిచేసి, మెషీన్ పక్కకు నెట్టేసింది. తర్వాత డాక్టర్ వచ్చి వేలితో తడిమి చూసి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండోసారీ అంతే. మూడోసారి మెషీన్ గదిలోకే తీసుకురాలేదు. అడిగితే ‘మొదట చూశాం కదండీ’ అన్నారు. చిన్నప్పుడు తేనెటీగ కుడితే నా చెయ్యంతా వాచిపోయింది. ఆ విషయం అడిగినవాళ్ళే లేరు. తేనెటీగ విషంలో కూడా ఈ తరహా ఎంజైమే ఉంటుంది, అలాంటి అలర్జీ ఉన్నవాళ్ళకు ఈ మందు ప్రమాదం కావచ్చు. నాకు ఏమీ కాలేదంటే అది నా అదృష్టం. మీరు మాత్రం అడిగినా అడగకపోయినా ముందే చెప్పండి.

మూడు సిట్టింగులయ్యాక కుడివైపు పీక్కుపోయినట్టు అయింది, ఎడమవైపు గడ్డ ఉన్నది ఉన్నట్టే ఉంది. స్కాన్ ఫోటోలు ఇవ్వమంటే ‘మా మెషీన్‌లో సేవ్ అవ్వవు’ అన్నారు. రిపోర్టు లేదు, ఎన్ని యూనిట్లు ఇచ్చారో కాగితం మీద లేదు. అద్దంలో చూసుకోవాలంటే భయం వేసి రెండు వారాలు వీడియో కాల్స్ కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక రేడియాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముఖాన్ని రెండువైపులా ఇరవై నిమిషాలు ఓపిగ్గా చూశారు. ఎడమ కంటి కింద ఫిల్లర్ ఎముకను ఆనుకుని ఉందట. ఇన్నాళ్ళూ ఇచ్చిన మందు దాని పైపైనే పడి ఉండాలన్నారు. ఆ గడ్డ అసలు హయలురోనిక్ యాసిడే కాదు. నల్లగా కాకుండా తెల్లగా మెరుస్తూ, వెనక నీడ పడుతూ కనిపించింది. కాల్షియం రకం ఫిల్లర్ అలా కనిపిస్తుందని, దాన్ని ఈ ఎంజైమ్ కరిగించలేదని చెప్పారు. 2023లో వేరే చోట ‘టచప్’ అని ఒక ఇంజెక్షన్ చేశారు, అదేనేమో. అదేం మందో నేను అడగలేదు. సిరంజి డబ్బాతో బ్యాచ్ నంబరున్న స్టిక్కర్ వస్తుంది. ఫిల్లర్ వేయించుకునే రోజే దాన్ని అడిగి తీసుకోండి.

అంటే గుడ్డిగా గుచ్చడం ఒక తప్పైతే, అక్కడ ఏముందో చూడకుండా కరగనిదాన్ని కరిగిస్తామని మూడుసార్లు డబ్బు తీసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ ఒక్క నిమిషం ఫోటోను చదవడం తెలిసినవాళ్ళు చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

ఇంకో సంగతి. లింగ నిర్ధారణను ఆపడానికి వచ్చిన 1994 చట్టం వల్ల మన దేశంలో స్కానింగ్ మెషీన్ పెట్టుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా తగిలించాలి. ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అనే బోర్డు స్కానింగ్ సెంటర్లలో అందరం చూసేదే. నేను వెళ్ళిన క్లినిక్‌లో బోర్డూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. అప్పుడు నాకు తట్టలేదు. కొన్ని చోట్ల చర్మం బిగించే హైఫు మెషీన్‌ను కూడా అల్ట్రాసౌండ్ అనే అంటారు. అది చేసేది వేరే పని, దానికీ ఫిల్లర్‌ను కరిగించడానికీ సంబంధం లేదు. ఏ మెషీనో, ఎవరు చూస్తారో, సూది లోపల ఉన్నప్పుడు ప్రోబ్ కూడా ముఖం మీదే ఉంటుందో లేదో ఫోన్‌లోనే అడగండి. స్కాన్ ఫోటోలు, రిపోర్టు ఇస్తామని వాట్సాప్‌లో రాయించుకోండి. నీళ్ళు నమిలితే వెళ్ళకండి.

ఇదంతా తీరిగ్గా కరిగించుకునేవాళ్ళ కోసం. ఫిల్లర్ వేయించుకున్న వెంటనే గానీ, తర్వాత కొన్ని గంటల్లో గానీ విపరీతమైన నొప్పి వచ్చినా, చర్మం తెల్లగా పాలిపోయినా, ఊదారంగు వలలా మచ్చలు వచ్చినా, చూపు మసకబారినా స్కానింగ్ దొరికే దాకా ఆగొద్దు. రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఫిల్లర్ వేసిన డాక్టర్‌కు వెంటనే ఫోన్ చేయండి, చూపు తేడాగా ఉంటే అదే క్షణం కంటి విభాగం ఉన్న పెద్దాసుపత్రికి పరుగెత్తండి. అక్కడ స్కానింగ్ ఉంటే ఎక్కడ మూసుకుపోయిందో చూడటానికి పనికొస్తుంది, కానీ దాని కోసం కరిగించే మందు ఆలస్యం కాకూడదు.

పోయిన నెల ఆ రేడియాలజిస్ట్, ఒక డర్మటాలజిస్ట్ కలిసి నాకు ఎడమవైపు మళ్ళీ చేశారు. ముందు చేతి మీద టెస్టు డోసు ఇచ్చి ఆగారు. స్క్రీన్ నాకు కూడా కనిపించేలా తిప్పారు. సన్నటి తెల్లగీతలా సూది ఆ నల్లటి మడుగులోకి దిగడం నా కళ్ళతో చూశాను. ఒక్క సిట్టింగుతో ఉబ్బు తగ్గింది. కాల్షియం గడ్డ మాత్రం ఉంది, దాని గురించి ప్లాస్టిక్ సర్జన్‌ను కలవబోతున్నాను.

పాత క్లినిక్‌కు డబ్బు వెనక్కి ఇవ్వమని ఉత్తరం రాశాను, జవాబు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ళ గడువు ఉంటుంది, నాకు ఇంకా టైముంది. ‘అల్ట్రాసౌండ్ గైడెడ్’ అని వాళ్ళే రాసిచ్చిన మూడు బిల్లులూ దాచాను. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే బిల్లులు, వాట్సాప్ మెసేజులు, ముందూ తర్వాతా తీసిన ఫోటోలు ఏవీ డిలీట్ చేయకండి.