ఎనిమిదేళ్లుగా మా తమ్ముణ్ణి చూపిస్తున్న జిల్లా ఆసుపత్రి మానసిక విభాగం గురించి

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. 2017 ఆగస్టు నుంచి వాణ్ణి మా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక విభాగంలో చూపిస్తున్నాం. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే మా ఇల్లు ఏదో తెలిసిపోతుంది, అది వాడికి ఇష్టం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక కోస్తా జిల్లా అనుకోండి. ఇంట్లో ఇలాంటి జబ్బుతో ఒకరు ఉండి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వెళ్లండి. అయితే డాక్టరు గది దగ్గరే ఆగిపోకండి. అక్కడ సోషల్ వర్కర్ ఎవరైనా ఉన్నారా, ఇంటికి వచ్చే నర్సు ఉన్నారా అని అడగండి. మా తమ్ముడు ఇవాళ కోలుకుని తిరుగుతున్నాడంటే సగం మందుల వల్ల, సగం ఆ ఇద్దరి వల్ల.

వాడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మొదలైంది. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. స్నానం మానేశాడు. రాత్రుళ్లు లైటు తీయనిచ్చేవాడు కాదు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం, రెండు గుళ్లలో నిద్ర చేయించాం. ఎనిమిది నెలలు అలా పోయాయి. ఆ తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్. మందులకే నెలకు 3,800 రూపాయలు. నాన్న కౌలు రైతు. అంత పెట్టినా ఆ జబ్బు పేరేమిటో, ఎన్నాళ్లు మందులు వాడాలో మాకు ఎవరూ చెప్పలేదు. చివరికి మా ఊరి ఆశా కార్యకర్త చెప్పింది, జిల్లా ఆసుపత్రిలో దీనికి వేరే ఓపీ ఉంది, మందులు ఊరికే ఇస్తారని.

ఇలాంటి ఓపీలు నడిపే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అనేది 1996లో దేశం మొత్తంమీద నాలుగు జిల్లాల్లో మొదలైందని, ఆ నాలుగింటిలో మన మెదక్ ఒకటని తర్వాత తెలిసింది. అంటే మా తమ్ముడు పుట్టే నాటికే మొదలైన పథకం. వాడికి జబ్బు చేసినప్పుడు అలాంటిది ఒకటుందని మా ఇంటి దాకా చెప్పినవాళ్లు లేరు. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఓపీ వారానికి రెండు రోజులు. ఉదయం ఏడింటికల్లా చీటీకి నిలబడాలి. ఒక్కరే సైకియాట్రిస్టు, తొంభైమంది దాకా రోగులు. కాబట్టి డాక్టరు తీరిగ్గా మాట్లాడతారని ఆశ పెట్టుకోకండి. మా మేడమ్ మంచి డాక్టరు, జబ్బు పేరు మొదటి రోజే చెప్పారు, కానీ ఆవిడ చేతిలో ఉన్నది ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే. ఆ లోటును అక్కడి స్టాఫ్ నర్సు పూడ్చింది. లోపలికి వెళ్లేలోపే ఆవిడ తమ్ముణ్ణి కూర్చోబెట్టి "చేతులు చాపు బాబూ" అనేది. మందుల వల్ల వేళ్లు వణుకుతున్నాయా, నోట్లో చొంగ కారుతోందా, కాలు నిలవకుండా ఆడిస్తున్నాడా చూసి కేసు షీటు మీద రాసేది. ఒలాంజపిన్ అనే మందు వాడేటప్పుడు, దాంతో బరువు పెరుగుతారు కాబట్టి, ప్రతిసారీ బరువు తూచేది. 58 కిలోల వాడు ఏడాదిలో 74కు చేరితే ఆవిడే మేడమ్‌కు చూపించి షుగర్ పరీక్ష రాయించింది. ఆ తర్వాతే మందు మార్చారు. ప్రైవేటులో అన్నాళ్లు వాడినా ఒక్కసారి కూడా ఎవరూ బరువు చూడలేదు.

ఇక సోషల్ వర్కర్ గురించి. 2019 వానాకాలంలో మేం వరసగా రెండు తేదీలు తప్పాం. తమ్ముడు మాత్రలు మానేశాడు, గది తలుపు వేసుకుని కూర్చున్నాడు, ఆసుపత్రి అంటే పళ్లేలు విసిరేవాడు. మూడో వారం ఫోన్ వచ్చింది. "బాబు రావట్లేదేంటమ్మా?" అని అమ్మను అడిగారు. అమ్మ ఏడ్చేసింది. రెండు రోజుల తర్వాత ఆయన, కమ్యూనిటీ నర్సు కలిసి బైకు మీద 40 కిలోమీటర్లు వచ్చారు.

తలుపు కొట్టి "మాత్రలు వేసుకో" అంటారేమో అనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. తమ్ముడు ఒకప్పుడు పాత రేడియోలు బాగుచేసేవాడని మా మాటల్లో తెలుసుకుని, గదిలోకి వినబడేలా, తన ఇంట్లో మూలపడ్డ రేడియో గురించి నాన్నతో మాట్లాడారు. గంట కూర్చుని వెళ్లిపోయారు. తలుపు తెరుచుకోలేదు. మరుసటి వారం ఆ రేడియో పట్టుకొచ్చి అరుగు మీద పెట్టి వెళ్లారు. మూడోసారి వచ్చేసరికి తమ్ముడు దాన్ని విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఇద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారు. వెళ్లేముందు "గురువారం నేను ఓపీలోనే ఉంటాను తమ్ముడూ, రాగలవా?" అని మాత్రం అడిగారు. వాడు తలూపాడు. వెళ్లాం.

ఆ మూడు రాకల్లో ఆయన మాకు నేర్పినవి ఏ చీటీ మీదా ఉండవు. అప్పటిదాకా నాన్న మాత్రను పొడిచేసి మజ్జిగలో కలిపి ఇచ్చేవాడు. తమ్ముడు కనిపెట్టి ఇంట్లో అన్నం తినడమే మానేశాడు, విషం పెడుతున్నారన్నాడు. ఆయన నాన్నతో గట్టిగానే చెప్పారు: "ఆ పని మానేయండి. మీ మీద నమ్మకం పోతే వాడికి ఇంకెవరున్నారు?" గొంతులు వినబడుతున్నాయని వాడు అన్నప్పుడు మేం "ఎవరూ లేరురా, పిచ్చి మాటలు" అని కసిరేవాళ్లం. అలా కసరొద్దన్నారు. అలాగని ఉన్నారని ఒప్పుకోవద్దన్నారు. "నాకు వినబడట్లేదురా, నీకు వినబడుతోంది. భయమేస్తోందా?" అని అడగమన్నారు. అమ్మ ఈ మాట మూడు రోజులు సాధన చేసింది. మొదటిసారి అలా అడిగిన రాత్రి వాడు అమ్మ పక్కన పడుకున్నాడు.

కోవిడ్ లాక్‌డౌన్‌లో బస్సుల్లేనప్పుడు ఈయనే మా జాబితా తీసి, రెండు నెలల మందులు మా పీహెచ్‌సీకి పంపించారు. ఆశా ఇంటికి తెచ్చిచ్చింది. ఒక్క రోజు మాత్ర తప్పలేదు.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే ధ్రువపత్రం) సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. 40 శాతం, అంతకు మించి ఉంటే పింఛనుకు అర్హత. శిబిరానికి మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మ వాడికి తలంటి, ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్లింది. డాక్టర్లు అడిగితే "బాగానే ఉంటాడండీ, తన పని తనే చేసుకుంటాడు" అంది. పరువు పోతుందని ఆమె భయం. ఆ ఏడాది రాలేదు. తర్వాత సోషల్ వర్కర్ మమ్మల్ని కూర్చోబెట్టి బోర్డు ఏం చూస్తుందో చెప్పారు: తన శుభ్రత తను చూసుకోగలడా, నలుగురితో మెలగగలడా, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడగలడా, పని చేయగలడా, జబ్బు ఎన్నేళ్లుగా ఉంది. "మంచి రోజు గురించే కాదు, చెడ్డ రోజు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు. రెండోసారి వచ్చింది. 2024 జూలై నుంచి ఆ పింఛను 6,000 అయ్యాక నాన్న వాడి మందుల ఖర్చు లెక్క కట్టడం మానేశాడు. మా విభాగంలో ఏ మందైనా అయిపోతే ఇప్పుడు బయట కొనగలం.

మందులు అయిపోవడం తరచూ జరిగేదే. ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఏదో ఒక మందు ఉండదు. "బయట కొనుక్కోండి" అని చీటీ రాసిస్తారు. కొనలేనివాళ్లు ఊరికే ఇంటికి వెళ్లిపోతారు, నా కళ్లారా చూశాను. కనీసం వారం ముందు ఫోన్ చేసి చెబితే ఎవరి జాగ్రత్త వాళ్లు పడతారు కదా. ఫార్మసీ కిటికీ దగ్గర ఒకతను "పిచ్చి మందుల లైను ఇటు" అని అరిచేవాడు. రెండుసార్లు ఫిర్యాదు రాసిచ్చాక ఆ మాట ఆగింది. ఓపీ గదికి తలుపు లేదు, తెర ఉంది. లోపల ఒక పెళ్లికాని అమ్మాయి చెప్పుకుంటున్నది బయట బెంచీ మీద ఉన్న మా అందరికీ వినబడుతుంది. ఎనిమిదేళ్లలో ఒక తలుపు పెట్టించలేకపోయారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 2022లో. ఆ సోషల్ వర్కర్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. అది అయిపోయింది, ఆయన వెళ్లిపోయారు. 14 నెలలు ఆ కుర్చీ ఖాళీ. డాక్టరు ఉన్నారు, మందులు ఉన్నాయి, కాగితం మీద విభాగం నడుస్తూనే ఉంది. కానీ తేదీ తప్పితే ఫోన్ చేసేవాళ్లు లేరు. తమ్ముడు మాత్రలు సగం చేసుకున్నాడు, తర్వాత మానేశాడు. ఒకరోజు రాత్రి రెండింటికి బావి దగ్గర కూర్చుని లేవనన్నాడు. నేను 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ అమ్మాయి నలభై నిమిషాలు లైన్లో ఉండి, ఎంత దూరంలో కూర్చోవాలో, ఏం మాట్లాడాలో నాకు చెబుతూనే ఉంది. తెల్లారాక మళ్లీ తనే చేసింది. ఆ నంబరు ఇప్పుడు మా ఇంటి గోడ మీద సున్నంతో రాసి ఉంది.

ఆ తర్వాత వాణ్ణి విశాఖపట్నం తీసుకెళ్లి 22 రోజులు చేర్పించాల్సి వచ్చింది. మందు మళ్లీ పనిచేయడానికి నెలలు పట్టింది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని అక్టోబరు 10న ఏటా ర్యాలీ తీస్తారు, బ్యానర్లు పట్టుకుంటారు, కాలేజీల్లో ఉపన్యాసాలు చెబుతారు. అవీ కావాలి, కాదనను. కానీ ఆ ఏడాది ర్యాలీ ఖర్చుతో ఒక బైకుకు పెట్రోలు పోసి ఉంటే మా తమ్ముడు బావి దాకా వెళ్లేవాడు కాదని నా నమ్మకం.

2023 చివర్లో కొత్త సోషల్ వర్కర్ వచ్చింది. చిన్నమ్మాయి. మొదట్లో తడబడేది, ఇప్పుడు పాతాయన చేసినవన్నీ చేస్తోంది, పైగా చట్టం బాగా తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన తరఫున ఎవరు మాట్లాడాలో రోగే రాసిపెట్టుకోవచ్చని, తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలని చెప్పింది. తమ్ముడు నా పేరు రాశాడు. నాన్న కాస్త నొచ్చుకున్నాడు, తర్వాత సర్దుకున్నాడు. కేసు షీటు నకలు అడిగితే ఆఫీసులో మూడు వారాలు తిప్పారు. ఆ అమ్మాయే వచ్చి అది రోగి హక్కని చెప్పి ఇప్పించింది.

నెల మొదటి శనివారం కుటుంబాల సమావేశం పెడుతోంది. పదిహేను ఇరవై మందిమి వస్తాం. టీ తాగుతూ ఎవరి బాధలు వాళ్లు చెప్పుకుంటాం. అమ్మ ఎక్కడికీ వెళ్లని మనిషి, ఈ శనివారం మాత్రం మానదు. అక్కడ ఎవరూ ఆమెను "మీ అబ్బాయికి పెళ్లెప్పుడు" అని అడగరు.

లేనిది ఒకటుంది. పగలంతా కూర్చుని ఏదైనా పని నేర్చుకునే చోటు మాకు అందుబాటులో లేదు. తమ్ముడు ఒక తెలిసినాయన షాపులో మధ్యాహ్నం దాకా ఫ్యాన్లకు వైండింగ్ చేస్తున్నాడు. అది నాన్న కాళ్లావేళ్లా పడి ఇప్పించిన పని. అందరికీ అలాంటి తెలిసినాయన ఉండడు.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఆధార్, ఇంతకుముందు వాడిన మందుల చీటీలు అన్నీ తీసుకెళ్లండి, మాత్రల ఖాళీ అట్టలైనా సరే. మనిషితో ఎక్కువ గడిపేవాళ్లే వెంట వెళ్లండి, పరాయివాళ్లను పంపకండి. నిద్ర, తిండి, మాటల్లో మార్పు ఎప్పటినుంచో తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు చేతికివ్వండి, ఆ ఐదు నిమిషాలు కలిసొస్తాయి. మందు మీ అంతట మీరు ఆపొద్దు. వెనక్కి వచ్చేముందు సోషల్ వర్కర్ నంబరు తీసుకోండి. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఎప్పుడు నింపుతారని సూపరింటెండెంటుకు రాసివ్వండి. మేం ఆ 14 నెలల్లో ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. అప్పుడు మాకు తట్టలేదు. ఇప్పుడు ఈ అమ్మాయి కాంట్రాక్టు మార్చిలో ముగుస్తుంది. శనివారం సమావేశంలో మేమందరం కలిసి రాసిన కాగితం మీద 31 సంతకాలు పడ్డాయి, మొదటిది తమ్ముడిది.