ఎనిమిదా, తొమ్మిదా? ట్యూషన్ పిల్లలకు లాసన్ టెస్ట్ పెట్టి చూశాను

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. లెక్క ఇస్తే సూత్రం రాసి అంకెలు వేసేస్తారు. ఎందుకలా అని అడిగితే గుటకలు మింగుతారు. అందుకే ఈ వేసవిలో, పిల్లలు శాస్త్రీయంగా ఎలా ఆలోచిస్తారో చూసే లాసన్ టెస్ట్ జిరాక్స్ తీయించి పదకొండు మందికి పెట్టాను.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన ఆంటన్ లాసన్ 1978లో తయారుచేసిన పరీక్ష ఇది. నేను వాడింది 2000 నాటి రూపం. 24 ప్రశ్నలు, జంటలుగా ఉంటాయి. ఒకటి జవాబు అడుగుతుంది, దాని పక్కది ఆ జవాబుకు కారణం అడుగుతుంది. రెండూ సరైతేనే మార్కు వేశాను.

నీళ్ల ప్రశ్న ఒక్కటి చాలు, ఈ పరీక్ష ఎందుకు పెట్టాలో చెప్పడానికి. వెడల్పు గొట్టంలో నాలుగో గీత దాకా ఉన్న నీళ్లు సన్న గొట్టంలో పోస్తే ఆరో గీతకు వస్తాయి. మరి వెడల్పు దాంట్లో ఆరో గీత దాకా ఉన్నవి పోస్తే? ఏడుగురు ఎనిమిది అన్నారు. "అప్పుడు రెండు పెరిగింది కదా టీచర్, ఇప్పుడూ రెండే పెరుగుతుంది." బడిలో నిష్పత్తి లెక్కలన్నీ తప్పు లేకుండా చేసే పాప కూడా అదే పెట్టింది! మామూలు పేపరైతే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు. మర్నాడు లావు సీసా ఒకటి, సన్న సీసా ఒకటి తెచ్చి, స్కెచ్ పెన్నుతో గీతలు గీసి వాళ్ల చేతే నీళ్లు పోయించాను. నీళ్లు రెట్టింపు పోస్తే తేడా కూడా రెట్టింపైంది. కాసేపు చూసి ఆ పాపే "అయితే తొమ్మిది" అంది.

దారాలకు బరువులు కట్టి ఊపే ప్రశ్న కూడా మంచిది. దారం పొడవును బట్టి ఊగే సమయం మారుతుందో లేదో తేలాలంటే బరువు మార్చకూడదని ముగ్గురికే తట్టింది.

ఇబ్బంది ఇంగ్లీషుతోనే. ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి, కొన్ని మాటలు ఒడియాలో చెప్పాల్సి వచ్చింది. చివర్లో కొవ్వొత్తి, ఎర్ర రక్తకణాల ప్రశ్నలు తొమ్మిదో తరగతికి బరువే, వాళ్లకు అవి పెట్టలేదు. న్యూటన్ సూత్రాలు అర్థమయ్యాయో లేదో దీంతో తెలియదు. దానికి 30 ప్రశ్నల ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ వేరే ఉంది.

ర్యాంకులు ఇవ్వలేదు. ఒకావిడ వాళ్లబ్బాయికి ఎన్ని వచ్చాయని టెన్షన్ పడుతుంటే, కాగితం చేతికిచ్చి, వాడు టిక్కు పెట్టిన కారణాలు చదవండమ్మా అన్నాను.