ముక్కు పక్కన లేచిన కాయ: పైపైన గీకాలా, పంచ్ చేయాలా, మొత్తం తీసేయాలా?

ముఖం మీద ఏది లేచినా మన నెల్లూరు వైపు దానికి ముందు పడే పేరు పులిపిరే. ఆ వెంటనే ఎవరో ఒకరు "సున్నం పెట్టమ్మా, రాలిపోతుంది" అంటారు. అది వెంట్రుక కుదురులోంచి పుట్టిన కంతి కావచ్చని ఎవరికీ తట్టదు. ఇవి చాలావరకు ప్రాణానికి హాని చేయవు. ఏ కంతో తేల్చడమే కష్టం.

అలాంటి కంతుల్లో ఒకటైన ట్రైకోఎపిథీలియోమానే తీసుకోండి. ముక్కు పక్క మడతల్లో, చర్మం రంగులోనే, గట్టిగా చిన్న చిన్న పొక్కులు. చాలా ఉండి, అమ్మకో నాన్నకో కూడా ఉంటే వంశంలో వచ్చిందనుకోవచ్చు. పెద్ద వయసులో ఒక్కటే లేస్తే మాత్రం టెన్షనే. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తుంది. డాక్టరు కంటితో చూసి అనుమానించగలరు గానీ, తేల్చేది బయాప్సీయే, అంటే ముక్క తీసి ల్యాబులో చూసే పరీక్షే.

గీకి తీసే షేవ్ బయాప్సీకి కుట్లు అక్కర్లేదు, పని త్వరగా అయిపోతుంది. కానీ పైపొరే వస్తుంది. ఆకు చూపించి వేరు సంగతి చెప్పమంటే ఎలా? క్యాన్సరా కాదా అన్నది కంతి అడుగు భాగం, అంచులు చూస్తేనే బాగా తెలుస్తుంది. గుండ్రటి బ్లేడుతో తీసే పంచ్ బయాప్సీలో 3, 4 మిల్లీమీటర్ల గుండ్రటి ముక్క కింది కొవ్వు దాకా వస్తుంది. ఒకటో రెండో కుట్లు పడతాయి, ముఖం మీదైతే వారం లోపు తీసేస్తారు. అయినా అదీ ముక్కే, మొత్తం కాదు.

నన్నడిగితే, ఒక్కటే ఉండి చిన్నదైతే మొత్తం తీయించడమే మేలు. పదులకొద్దీ ఉంటే అది కుదరదు. ఒకటి రెండింటికి పంచ్ చేయించి, పేరు తేలాక మిగతావాటికి లేజర్ సంగతి చూసుకోవచ్చు. పేరు తేలకముందే కాల్చేస్తే మాత్రం పరీక్షకు ఏమీ మిగలదు.

పిల్లల మెడ మీదో చెంప మీదో రాయిలా తగిలే గడ్డ వేరే సంగతి. ఒక కొన నొక్కితే రెండో కొన పైకి లేస్తుంది. అది పైలోమేట్రికోమా అనే మరో వెంట్రుక కుదురు కంతి అయ్యే అవకాశం ఎక్కువ. దీనికి సూది పరీక్షను ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఈ కంతిని గుర్తుపట్టించే నీడ కణాలు సూదిలోకి రాకపోతే, వచ్చిన కణాలు క్యాన్సర్‌లా కనిపించి ఇల్లంతా హడలిపోతుంది. మొత్తం తీయిస్తే పరీక్షా అవుతుంది, వైద్యమూ అవుతుంది. మళ్ళీ రావడం అరుదు.

కావలిలో తీయించినా ముక్క నెల్లూరు ల్యాబుకో ఒంగోలుకో వెళ్ళాల్సి రావచ్చు. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసా మీద పేరు, వయసుతోపాటు ముక్క ఎక్కడిదో కూడా రాశారా అని అడగండి. "లోతైన ముక్క కావాలి" అని రిపోర్టు వస్తే విసుక్కోకుండా మళ్ళీ ఇవ్వాల్సిందే. గీకించుకున్నవాళ్ళకే ఆ రెండో ఖర్చు ఎక్కువగా పడుతుంది.