పోల్ సా పెట్రోలుదా, బ్యాటరీదా: జీడి, టేకు కొమ్మలకి ఏది మేలు?

ఉద్దానంలో జీడిపిక్కలు ఏరడం అయిపోయి తొలకరి పడ్డాక, చెట్లకి ఎండుకొమ్మలు తియ్యడం మొదలవుతుంది. ఇదివరకు దోటికి కొడవలి కట్టి లాగేవాళ్లం. అందని కొమ్మకి కుర్రాళ్లు కత్తి నడుముకి దోపుకుని చెట్టెక్కేవారు. జీడికొమ్మ పెళుసు, పచ్చగా ఉండగానే ఫెళ్లున విరుగుతుంది. అలా పడి మంచం పట్టినవాళ్లని చూశాక మా తోటలో చెట్టెక్కించడం మానేశాను. అప్పట్నుంచి, అంటే 2017 నుంచి, నేలమీద నిలబడి కోసే పోల్ సా, అంటే పొడుగు గొట్టం కొసన చైను రంపం ఉండే మిషనే వాడుతున్నాను. పెట్రోలుది, బ్యాటరీది, గడ్డి కోసే బ్రష్ కట్టర్‌కి తగిలించేది, మూడూ నా చేతిలో నలిగాయి.

దుకాణంలో అందరూ ముందు అడిగేది ఎన్ని సీసీ అని. నేనైతే బరువు ఎక్కడుందో చూడమంటాను. పెట్రోలు మిషన్ ఏడెనిమిది కిలోలుంటుంది. కానీ ఇంజను మన చేతివైపు ఉంటుంది, భుజానికి పట్టీ ఉంటుంది కాబట్టి తూకం కుదురుతుంది. బ్యాటరీది నాలుగైదు కిలోలే. అయితే చవకరకాల్లో మోటారు కొసన, రంపం పక్కనే ఉంటుంది. గొట్టం పూర్తిగా సాచి పైకెత్తితే ఆ కొసబరువే భుజాలు లాగేస్తుంది. మా బావ అలాంటిది ఒకటి తెచ్చి, రెండు టేకు చెట్లు అయ్యాయో లేదో కింద పెట్టేశాడు. "ఏటి బావా, కాగితం మీద నాలుగు కిలోలే, చేతిలో పది కిలోలున్నట్టుంది!" అన్నాడు. ఆ మాట నిజం. మోటారు వెనకున్న బ్యాటరీ మిషన్లూ దొరుకుతున్నాయి, ధర ఎక్కువైనా అవే కొనండి. కొనేముందు గొట్టం సాచి, నేలకి అడ్డంగా అయిదు నిమిషాలు పట్టుకుని చూడండి. ఇది ఎవరూ చెయ్యరు, సిగ్గుపడతారు. సిగ్గుపడితే తర్వాత నడుం పట్టేసేది మీకే.

శక్తిలో పెట్రోలుదే పైచేయి. 12 అంగుళాల బార్‌తో (చైను తిరిగే పట్టీ) తొడ లావు కొమ్మనీ వదలదు, ట్యాంకులో పోసుకుంటూ పోతే పొద్దుగూకేదాకా ఆడుతుంది. సరుగుడు, టేకు తోటల్లో కూలికి కొమ్మలు కోసేవాళ్లకి ఇదే సరైనది. చాకిరీ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మిషన్ మీద 50:1 అని రాసి ఉంటే అయిదు లీటర్ల పెట్రోలుకి 100 మిల్లీలీటర్ల 2టి (టూ-స్ట్రోక్ ఇంజను) ఆయిల్ కలపాలి, 25:1 అయితే 200. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీల్చుకుంటుంది. సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చెయ్యకపోతే మరుసటేడు కార్బురేటర్ మొరాయిస్తుంది. నాకు ఒకసారి అలాగే అయింది, మెకానిక్ దగ్గర వారం పోయింది.

చప్పుడు గురించి ఇంకో మాట. మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని మనకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పెట్రోలు ఇంజను మోత చెవుల్లో ఉంటే అవతలివాడు అరిచినా వినపడదు. బ్యాటరీది మీట వదిలితే ఆగిపోతుంది, తోట నిశ్శబ్దమవుతుంది. ఒంటరిగా పని చేసుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు.

బ్యాటరీ ఎంతసేపు ఆడుతుందో డబ్బామీది బొమ్మ చూసి నమ్మకండి. వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో హెచ్చించండి. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు అంటే 72 వాట్ అవర్లు. 36 వోల్టులు, 5 అయితే 180. చిన్నదాని కన్నా రెండున్నర రెట్లు. నాకు పెద్ద బ్యాటరీలు రెండుంటే పొద్దున్నపూట పని గడుస్తోంది, మణికట్టు లావు కొమ్మలైతే.

అయినా పెట్రోలుది అమ్మెయ్యలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత మా ఊరికి చాలా రోజులు కరెంటు లేదు. దారికి అడ్డంపడ్డ కొమ్మలూ, విరిగి పైన వేలాడే కొమ్మలూ తియ్యాలి. ఆ రోజుల్లో బ్యాటరీ ఎక్కడ చార్జి చెయ్యను? పెట్రోలు మిషనే ఊరంతా తిరిగింది.

బ్రష్ కట్టర్‌కి తగిలించే రంపం ఏడాదికి పదిచెట్లు కోసేవాడికి చాలు, అంతకి మించి వద్దు. నాదానికి గేరు హెడ్ పోతే విడిభాగం ఎక్కడా దొరకలేదు. కొబ్బరి మట్టలకి ఏ మిషనూ వద్దు. పీచు చైనులో చుట్టుకుంటుంది, దానికి దోటే మేలు.

అయిదెకరాల లోపు సొంత తోట అయితే బ్యాటరీది, రెండు బ్యాటరీలతో. నలుగురు కలిసి కొనేట్టయితే, లేదా కూలికి తిప్పేట్టయితే, పెట్రోలుది. నా లెక్క ఇంతే.

ఏది కొన్నా కోత ఒకటే. పొడుగు కొమ్మని కొసనుంచి ముక్కలు ముక్కలుగా తియ్యాలి. ప్రతి ముక్కకీ ముందు కిందనుంచి పావువంతు గాటు, తర్వాత పైనుంచి కోత. కిందగాటు లేకుండా కోస్తే కొమ్మ బెరడుతో సహా చీలిపోతుంది. జీడికి ఆ గాయం మహా చెడ్డది. చివరి ముక్క మానుకి అంటించి కొయ్యకుండా, కొమ్మ మొదలు దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న మడత వదిలి కొయ్యండి. తర్వాత కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో చేసిన బోర్డో పేస్టు పుయ్యండి. కోసేవాడు కొమ్మకి సూటిగా కింద నిలబడకూడదు. గొట్టం 60 డిగ్రీలకి మించి నిటారుగా ఎత్తకూడదు.

తోట అంచున కరెంటు తీగలుంటే 15 మీటర్ల లోపు ఈ మిషన్ తీసుకెళ్లకండి. గొట్టం పైన రబ్బరు పట్టు ఉన్నా కరెంటు ఆపదు, బ్యాటరీదైనా అంతే. తీగల మీదికి ఒరిగిన కొమ్మ ఎంత చిన్నదైనా, లైన్‌మన్ వచ్చి లైన్లో కరెంటు ఆపేదాకా దాని జోలికి వెళ్లకండి.